తాలు

ధర్మాబాద్ మిర్చి అడ్తిలో
మొదటిరోజు నా పరిశోధన మొత్తం తుమ్ములే.
ప్రశ్నావళి నలభై ప్రతులు, క్లిప్పు ప్యాడు,
మూతికి కట్టుకున్న తువ్వాల.
"తొడిమెలు తీసే స్త్రీల కూలి: ఒక క్షేత్ర అధ్యయనం."
శీర్షికలో ఘాటు లేదని అప్పటికి తెలియదు.

ప్రతి ఐదో మనిషినే అడగాలన్నారు బారడ్కర్ సార్.
యాదృచ్ఛికం అంటే నీకు నచ్చినవాళ్ళు కాదు,
నీకు చాయ్ పోసినవాళ్ళు అసలే కాదు అన్నారు.
మునీం నాకు చాయ్ పోసి
తన వదినను, వదిన చెల్లెల్ని, ఆ చెల్లెలి తోడికోడల్ని
వరసగా కూచోబెట్టాడు.
ముగ్గురూ ఒకటే కూలి చెప్పారు,
మునీం ముఖంలోకి చూస్తూ.
ఆ మూడు కాగితాలూ కొట్టేశాను.
చాయ్ మాత్రం తాగాను.

ఏడో ప్రశ్న: మాతృభాష. ఒకటే గడి.
"ఇంట్ల తెలుగు, కాంటా కాడ మరాఠీ,
కోపమొస్తే రెండూ కలిసొస్తయి. ఏది రాస్తవ్?"
చెయ్యి ఆపకుండానే అడిగింది నర్సుబాయి.
గడి చాలక
అంచు దాటి రాశాను.

వచ్చేముందు పదహారు వ్యాసాలు చదివాను.
చేతులు మండితే మజ్జిగలో ముంచుతారని
ఒక్కదాంట్లోనూ లేదు.
ఆ చేత్తో పసిపిల్లను ముట్టరని,
ఆ గంటసేపు మొగుళ్ళే ఎత్తుకుంటారని కూడా లేదు.
"మావోడు ఎత్తుకోడు!"
వెనక రాశి మీంచి ఎవరో.
అదీ రాసుకున్నాను, మార్జిన్‌లో.

ఇరవై మూడో కాగితం దగ్గర చిక్కొచ్చింది.
ఒకామె అందరికన్నా మూడింతల కూలి చెప్పింది.
సగటు ఎగిరి అటకెక్కి కూచుంది.
తీసేస్తే పట్టిక ఎంత నున్నగా ఉంటుందో!
ఊరికే, మాట మార్చడానికి అడిగాను:
"ఈ తెల్లమచ్చ కాయలేం చేస్తరు?"
"తాలు అది. పారెయ్యం.
మంచిదాంట్ల కలపం.
పక్కకు పోస్తం. దాని తూకం దానిదే, దాని ధర దానిదే."

మర్నాడు ఇరవై మూడును వెతుక్కుంటూ పోయాను.
ఆమె పేరు మీద ముగ్గురు కూచుంటారట.
మిగతా ఇద్దరు ఆమె బిడ్డలు,
ఒకతి ఐదు, ఒకతి ఏడు చదువుతూ ఆపేసినవాళ్ళు.
పిల్లల గురించి
నా ప్రశ్నావళిలో ప్రశ్నే లేదు.

ఆ రాత్రి లాడ్జిలో, కరెంటు లేని గదిలో
ఫోను వెలుతురులో లెక్క చూసుకున్నాను.
ముప్పై ఏడు. నలభై అని ముందే రాసిచ్చాను.
పొద్దున్నే బస్సు.
మూడు కాగితాలు నేనే నింపాను.
వయసులు వేశాను, కూలి వేశాను,
నమ్మకంగా ఉండాలని
ఒకామెకు మోకాలినొప్పి కూడా పెట్టాను.

పొద్దున వాటా మీద గొడవ.
ఎవరి బస్తానో విప్పి పారబోశారు:
పైన ఎరుపు, లోపల బూజు.
"నీళ్ళు జల్లిండు, తూకం రావాల్నని," అంది నర్సుబాయి,
నాతో కాదు, పక్కామెతో.
సంచిలో నా మూడు కాగితాలు
చెమ్మగిల్లినట్టనిపించింది.

స్టాండు వెనక చింపేశాను.
బస్సు పోయింది. తరవాతిది రెండింటికి.

పోయేముందు చెప్పాను ఆమెకు:
నీ పేరు బయటికి రాదు, రహస్యం, నువ్వు ఆర్-పంతొమ్మిది.
తొడిమె తుంచి నా వైపు చూసింది.
"ముప్పై ఏండ్లు ఏరిన. మాట నాది, పేరు నంబరుదా?"
నియమం అన్నాను. నియమం మంచిదే.
పిల్లల సంగతి చెప్పినామెకు మరీ మంచిది.
అయినా జవాబు సరిపోలేదు, నాకే.

వ్యాసం ఇచ్చాను.
ఇరవై మూడుకు పట్టిక కింద వేరే వరస,
వేరే పేరా,
అడగాల్సి ఉండి అడగనివి పరిమితుల్లో.

సార్ ఫైలు తెరిచారు. మూడో పేజీలో తుమ్మారు.
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.
"ముప్పై ఏడేనా?"

ముప్పై ఏడే సార్.